మామగారి బాడీ

ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ పళ్ళ డాక్టరు వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. కాసేపట్లో లారీలో బాడీ వస్తుంది. మధ్యాహ్నంలోగా దాన్ని చాసీ మీద కూర్చోబెట్టి, తలుపులు తగిలించి, బ్యాటరీలు బిగించేస్తాడు. సాయంత్రం కారు నడుపుకుంటూ మామగారింటికి వెళ్ళి గేటు ముందు ఆపుతాడు. ఆ రోజుతో డెబ్భై నిండిన మామగారు బయటికి వచ్చి, తన పాత కారును చూసి, నోట మాట రాక నిలబడిపోతారు. అప్పుడు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఇంటికి తీసుకొస్తే, ఇక్కడ చుట్టాలూ కేకూ సిద్ధంగా ఉంటారు. ఇందులో డాక్టరుకి అన్నిటికన్నా నచ్చిన ఘట్టం, మామగారికి నోట మాట రాకపోవడం. అది ఇంతవరకు ఎవరూ చూడలేదు.

మామగారు జడ్జిగా పనిచేసి రిటైరయ్యారు. కోర్టుకు వెళ్ళడం మానేశారే తప్ప తీర్పులివ్వడం మానలేదు. కాఫీ మీద, వాన మీద, పక్కింటివాళ్ళ గోడ రంగు మీద ఆయన తీర్పు రోజూ వెలువడుతూనే ఉంటుంది. అల్లుడి కేసులో మాత్రం పెళ్ళినాడే తీర్పు చెప్పేసి కట్ట కట్టి పైన పెట్టేశారు. "డాక్టరు డాక్టరు అన్నారు. తీరా చూస్తే నోటివరకే. మనిషన్నాక నోటికి కింద ఇంకా బోలెడంత ఉంటుంది కదా" అన్నది ఆ తీర్పు సారాంశం.

ఆ కారు ఆయన కుర్ర లాయరుగా ఉన్న రోజుల్లో కొన్నది. ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. కొత్త పెళ్ళాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా తిరిగారట. కూతురు పుట్టాక మూడో మనిషికి చోటు లేక దాన్ని షెడ్డులో పెట్టారు. షెడ్డు కప్పు కారింది, రేకు తుప్పు పట్టింది, బాగుచేస్తామని వచ్చిన మెకానిక్కులు తలా ఒక ముక్క విప్పి వెళ్ళిపోయారు. భార్య పోయాక ఆయన ఆ షెడ్డు తలుపు తియ్యడమే మానేశారు. నాలుగేళ్ళ కిందట అల్లుడు భయపడుతూ, "ఆ కారు నేను తీసుకెళ్ళి చూడనా మామయ్యగారూ" అని అడిగితే ఆయన పేపరులోంచి తల ఎత్తలేదు.

"పుచ్చిపోయినవాటిని పీకెయ్యడం తప్ప నీకేం తెలుసు? పీకు" అన్నారు.

అప్పటినుంచి డాక్టరుకి ఆదివారాలు లేవు. ఇంజను విప్పి కడిగాడు. చాసీకి రంగు వేశాడు. తుప్పు తినేసిన పాత రేకుల కొలతలు తీయించి, అదే అచ్చులో ఫైబరుతో కొత్త బాడీ చేయించాడు. దాన్ని చేసిన డెంటింగ్ మేస్త్రి పనిమంతుడే గాని, మాటల మనిషి. "మనిద్దరిదీ ఒకటే వృత్తి డాక్టరుగారూ. మీరూ సొట్టలు పూడుస్తారు, నేనూ సొట్టలు పూడుస్తాను. కాకపోతే నా దగ్గర కార్లు కేకలు పెట్టవు" అని కనపడ్డప్పుడల్లా అనేవాడు.

డాక్టరు భార్య కేకు తేవడానికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది.

"కారు సంగతి ఎవరికి తెలిసినా పర్వాలేదు గాని, పిన్నికి మాత్రం తెలియకూడదండోయ్. సాయంత్రం భోజనానికి రమ్మన్నాను, అంతే."

డాక్టరు అప్పుడు బ్యాటరీల పెట్టె తెరుస్తున్నాడు. అతని చెవిలో 'పిన్నికి తెలుసు, రమ్మన్నాను' అన్నంతవరకే పడింది. తల ఊపాడు.

ఆ పిన్ని జడ్జిగారికి స్వయానా మరదలు. ఇంటిల్లిపాదీ ఆవిణ్ణి చాటుగా దండోరా పిన్ని అంటారు. చెవి కొంచెం మందం. వినపడింది తక్కువ కాబట్టి చెప్పడంలో ఆ లోటు పూడ్చుకుంటుంది.

భార్య అలా వెళ్ళిందో లేదో లారీ ఇలా వచ్చింది. వెనకాల బొంతలూ టార్పాలినూ చుట్టి, తాళ్ళు బిగించి, పొడుగ్గా పడుకోబెట్టి ఉంది బాడీ. దాంతోపాటే మేస్త్రి దిగాడు. డ్రైవరు, మేస్త్రి, డాక్టరు ముగ్గురూ కలిసి ఎత్తిచూస్తే, ఒక మూల లేస్తే రెండో మూల వాలుతోంది.

"బరువు కాదు సార్, పొడుగు. నాలుగు మూలలా నలుగురు ఉండాలి. అయిదోవాడు దారి చూపించాలి" అన్నాడు మేస్త్రి.

సరిగ్గా అప్పుడే ఇంట్లో ఫోను మోగింది. భార్య మరిచిపోయి వెళ్ళిన ఫోను. చూస్తే పిన్ని. చేతికంతా గ్రీసు కావడంతో డాక్టరు మోచేత్తో నొక్కాడు.

"అమ్మాయేదీ?" అంది పిన్ని.

"బయటికెళ్ళిందండీ అత్తయ్యగారూ. మళ్ళీ చేయిస్తాను. బాడీ వచ్చింది, లారీలోంచి దించాలి."

"ఏమొచ్చింది?"

"బాడీ అండీ." ఆవిడ చెవి సంగతి గుర్తొచ్చి డాక్టరు గొంతు పెంచి, ఒక్కో అక్షరం విడదీసి చెప్పాడు. "బా... డీ."

"ఎవరిది నాయనా?"

"ఎవరిదేమిటండీ. మామయ్యగారిదే."

"బావగారిదా? అదేమిటి... ఎలా..."

"రాత్రంతా దారిలోనే ఉందట, పాపం. ఇప్పుడే చేరింది. చూస్తే మీరు గుర్తుపట్టలేరు. ముక్కంతా కొత్తగా చెయ్యాల్సొచ్చింది. మేస్త్రి చాలా ఓపిగ్గా చేశాడు లెండి, అతుకు కనపడటం లేదు. మొయ్యడానికి మనుషులు చాలట్లేదండీ, చినమామయ్యగారు ఖాళీగా ఉంటే కాస్త పంపిస్తారా? ఇంకొకరెవరైనా ఉంటే మరీ మంచిది. కానీ ఎవరికీ చెప్పకండి. సాయంత్రం మేమే అందరికీ చూపిస్తాం."

ఫోనులో ఏదో మూలుగు వినపడి లైను తెగిపోయింది. సిగ్నలు బాగోలేదనుకున్నాడు డాక్టరు.

పిన్ని కుర్చీలో కూలబడి, ధైర్యం కూడగట్టుకుని, ముందు జడ్జిగారింటికే ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఆదివారం పూట జడ్జిగారు క్లబ్బులో చదరంగం ఆడుతుంటారన్న సంగతి ఆవిడకి ఎన్నో ఏళ్ళుగా తెలుసు. కాని దుఃఖంలో ఉన్న మనిషికి తెలిసిన సంగతులు గుర్తురావు. "ఎత్తడానికి ఆ ఇంట్లో ఇంకెవరున్నారు" అనుకుని కళ్ళు ఒత్తుకుంది. భర్తను, అంటే డాక్టరు చినమామగారిని, లేపింది. మేడమీద అద్దెకుంటున్న బెంచి గుమాస్తాని పిలిచింది. ఆయన కోర్టులో జడ్జిగారి ఎదురుగా కూర్చుని ఉద్యోగమంతా ఆయన తీర్పులు రాసుకున్న మనిషి. ఇద్దర్నీ ముందు పంపించి, తను పూల దుకాణానికి బయల్దేరింది. ఎవరికీ చెప్పొద్దన్నాడు కాబట్టి దారిలో కావలసినవాళ్ళకి మాత్రమే చెప్పింది.

చినమామగారూ బెంచి గుమాస్తా వచ్చేసరికి డాక్టరు గేటు దగ్గర చేతులు దులుపుకుంటూ నిలబడి ఉన్నాడు. మొహంలో సంతోషం ఉబికిపోతోంది. పెద్ద దుఃఖంలో కొందరికి అలా అవుతుందని చినమామగారు ఎక్కడో విని ఉన్నాడు. అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు.

"ధైర్యంగా ఉండాలి బాబూ."

"ధైర్యానికేముందండీ, మీరు వచ్చారుగా. జారవిడవకుండా పట్టుకుంటే చాలు. ముక్కు మాత్రం గోడకి తగలనివ్వకండి."

గుమాస్తా జేబురుమాలు తీసి కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు.

డ్రైవరూ మేస్త్రీ ముందు మూలలు పట్టుకున్నారు. చినమామగారూ గుమాస్తా వెనక మూలలు భుజాలకెత్తుకున్నారు. డాక్టరు దారి చూపిస్తూ వెనక్కి నడుస్తున్నాడు.

"పెట్టె చాలా పెద్దదిగా ఉందండీ" అన్నాడు గుమాస్తా, పక్కకి తిరిగి మెల్లిగా.

"ఆయన హోదాకి ఆమాత్రం ఉండాలి లెండి."

"కాని తేలిగ్గా ఉన్నారు."

"ఈమధ్య తిండి తగ్గించేశారని మా ఆవిడ అంటూనే ఉంది."

ఆ మాట డాక్టరు చెవిన పడింది. "ఫైబరండీ. లోపలంతా బోలే. పాతదైతే ఇనుము, మనవల్ల అయ్యేది కాదు" అన్నాడు. చినమామగారు గుమాస్తా మొహం చూశాడు. గుమాస్తా నేల చూశాడు. ఈ సమయంలో అల్లుడి మాటలు పట్టించుకోకూడదని ఇద్దరూ మౌనంగా ఒప్పుకున్నారు.

గరాజులో నెమ్మదిగా దించారు. డాక్టరు తాళ్ళు విప్పి, "ఇక చూడండి" అని టార్పాలిను లాగాడు. చినమామగారు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఎవరూ ఏడవకపోవడంతో కాసేపటికి ఒక కన్ను తెరిచాడు. ఎదురుగా ఎర్రగా, నున్నగా, దానిమ్మగింజలా మెరుస్తున్న కారు బాడీ.

"ఇది కారు" అన్నాడు.

"మరి మీరేమనుకున్నారు?" అన్నాడు డాక్టరు.

గుమాస్తా గొంతు సవరించుకుని, "మేమూ కారే అనుకున్నామండీ" అన్నాడు. అని, పక్కనున్న డబ్బా మీద కూర్చుని, ఇంక ఆపుకోలేక నవ్వూ ఏడుపూ కలిసిపోయిన గొంతుతో ఉన్నదంతా చెప్పేశాడు. మేస్త్రి పొట్ట పట్టుకుని గోడకి జారబడ్డాడు. లారీ డ్రైవరు మాత్రం నవ్వలేదు. "రాత్రంతా నేను మోసుకొచ్చింది కారేనా, సార్?" అని ఒకసారి బొంతలన్నీ ఎత్తి చూసుకుని, నమ్మకం కుదిరాక లారీ తీసుకుని వెళ్ళిపోయాడు.

కేకు పెట్టె పట్టుకుని వచ్చిన భార్య సంగతి విని కేకును జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. తరవాత భర్త వైపు తిరిగింది.

"పిన్నికి చెప్పారా?"

"నువ్వే కదా తెలుసన్నావు."

"తెలియకూడదన్నాను. పిన్నికి చెప్పాక ఇంక పేపర్లో వెయ్యక్కర్లేదు."

పిన్నికి ఫోను చేస్తే లైను ఖాళీ లేదు. మళ్ళీ చేస్తే లేదు. ఇంకోసారి చేసేలోపు పిన్నే వచ్చేసింది. తెల్లపూలతో గుండ్రంగా అల్లించిన, తన కన్నా వెడల్పయిన ఒక పూలచక్రాన్ని రెండు చేతులా పట్టుకుని, గేటు దాటుతూనే, "బావగారూ, మాట కటువైనా మనసు వెన్నండీ మీది" అంటూ శోకం ఎత్తుకుంది. నలుగురూ చుట్టూ చేరి ఆవిడకి సంగతి ఎక్కించేసరికి చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక ఆవిడకి ముందు కలిగింది సంతోషం కాదు.

"మరి ఇంతసేపూ నేనేడ్చిందేమిటి?" అంది.

"ఎవరెవరికి చెప్పావు పిన్నీ?"

"ఎవరికీ చెప్పలేదే. మీ ఆయన చెప్పొద్దన్నాడుగా. మనవాళ్ళకే."

మనవాళ్ళందరికీ ఒకరి తరవాత ఒకరికి ఫోన్లు చేసి, జడ్జిగారు బతికే ఉన్నారని భార్య క్షమాపణ చెప్పుకుంది. చివరికి పిన్ని, "ఆ క్లబ్బుకి కూడా ఓ మాట చెప్పేశాననుకో" అంది. క్లబ్బుకి చేస్తే ఎవరూ ఎత్తలేదు. భార్య కాసేపు ఆలోచించి ఫోను పక్కన పెట్టేసింది.

"పోనిద్దురూ. నాన్న అక్కడే కూర్చుని ఉన్నారుగా. మనిషి కళ్ళెదురుగా కనపడుతుంటే పోయాడని ఎవరు మాత్రం నమ్ముతారు?"

అది నిజమే. ఎవరూ నమ్మలేదు. ఇబ్బంది అక్కడే వచ్చింది.

క్లబ్బు మేనేజరుకి ఫోనులో వినపడింది వెక్కిళ్ళ మధ్య కొన్ని మాటలు. జడ్జిగారు, అల్లుడుగారిల్లు, బాడీ దించుతున్నారు, మొయ్యడానికి మనుషుల్లేరు. ఆయన ఫోను పెట్టి తల తిప్పితే జడ్జిగారు కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుని ఎదుటివాడి మంత్రిని ఎలా పట్టుకోవాలా అని చూస్తున్నారు. మేనేజరు తెలివైనవాడు. జడ్జిగారు ఇక్కడున్నారు. బాడీ అల్లుడింట్లో ఉంది. కాబట్టి పోయింది అల్లుడై ఉండాలి.

దగ్గరికి వెళ్ళి వంగి, చాలా మెల్లిగా చెప్పాడు. జడ్జిగారు అతని మొహం ఒక్కసారి చూశారు. మళ్ళీ బల్ల చూశారు. ఇంకో రెండెత్తుల్లో గెలిచే ఆట. లేచి నిలబడ్డారు. చేతికర్ర కుర్చీకే ఆనించి ఉంది, తీసుకోవడం మరిచిపోయారు. ఆదివారం కావడంతో టాక్సీ దొరకడానికే చాలాసేపు పట్టింది, దాని దాకా మేనేజరే చెయ్యి పట్టుకుని నడిపించాడు. అందుకే క్లబ్బులో ఫోను ఎత్తడానికి ఎవరూ లేకపోయారు.

ఇక్కడ గరాజులో పని చకచకా సాగుతోంది. పోయిన మనిషి తిరిగివచ్చిన ఉత్సాహంలో అందరూ తలో చెయ్యీ వేశారు. బాడీ చాసీ మీద అచ్చంగా సరిపోయి కూర్చుంది. కుడి తలుపు ఒక్క దెబ్బకి పడింది. ఎడమ తలుపు దగ్గర మాత్రం మేస్త్రి కీలు అటూ ఇటూ జరుపుతూ, "ఇది అందరికన్నా ఆఖర్న మొలిచే పన్ను లాంటిది సార్, పక్కదాన్ని తోస్తుంది" అన్నాడు. "జ్ఞానదంతం" అన్నాడు డాక్టరు. "అదే. దీనికి జ్ఞానం లేదు" అన్నాడు మేస్త్రి. చివరికి అది కూడా లొంగింది. ఇక మిగిలినవి బానెట్టు, బ్యాటరీలు.

ఆ కారుకి బ్యాటరీలు రెండు. సీట్ల వెనక, నేలలో చేసిన గుంటల్లో చెరొకటీ కూర్చుంటాయి. వాటి తీగలు కింద చాసీకి బిగించాలంటే కారు కిందకి దూరక తప్పదు. భార్య భోజనానికి పిలిచింది. అందరూ లోపలికి వెళ్ళారు.

"ఒక్క నట్టు బిగించి వచ్చేస్తా" అన్నాడు డాక్టరు. కొత్త రంగు మీద పానా గీరుకుంటుందేమోనని పెద్ద తెల్ల దుప్పటి తెచ్చి కారంతా కప్పాడు. అది నాలుగువైపులా నేల దాకా జారింది. బూట్లు విప్పి, చాప మీద వెల్లకిలా పడుకుని, నోట్లో రెండు నట్లు పెట్టుకుని, కారు కిందకి జరిగాడు. దుప్పటి అంచు కింద కాళ్ళు మోకాళ్ళనుంచి పాదాలదాకా మాత్రం బయట మిగిలాయి. కుడి మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు.

టాక్సీ దిగిన జడ్జిగారికి ముందు కనపడింది గరాజు గుమ్మానికి ఆనించి ఉన్న పూలచక్రం. ఇంట్లోంచి ఏ అలికిడీ లేదు. అందరి నోళ్ళూ భోజనంతో నిండి ఉన్నాయని ఆయనకేం తెలుసు? గరాజులోకి తొంగిచూశారు. తెల్ల దుప్పటి. దాని కిందనుంచి రెండు కాళ్ళు. ఆ చిల్లు మేజోడు ఎవరిదో చెప్పడానికి సాక్షులక్కర్లేదు. ఆయన కళ్ళకి ఆ రెండు కాళ్ళు తప్ప ఇంకేమీ ఆనలేదు. పనిముట్ల పెట్టె మీద నెమ్మదిగా కూర్చున్నారు.

అడుగుల చప్పుడు విని మేస్త్రి అనుకున్నాడు డాక్టరు. అంతలో దగ్గు వినపడింది. ఆ దగ్గుకి కోర్టులో సాక్షులు మాట మార్చేవారట. మామగారు వచ్చేశారు. నాలుగేళ్ళ రహస్యం దుప్పటి మందాన ఆగి ఉంది. కదిలితే కారు బయటపడిపోతుంది. కదలకపోతే, చూసి చూసి ఇంట్లోకి వెళ్ళిపోవచ్చు. ఊపిరి బిగపట్టాడు.

"ఏమయ్యా" అన్నారు జడ్జిగారు. ఆ గొంతు డాక్టరు ఎప్పుడూ విననిది. "ఇదేం పని? ముందు నేను వెళ్ళాలి గదా."

డాక్టరుకి అర్థం కాలేదు. అడగడానికి నోట్లో నట్లున్నాయి. నోటినిండా పరికరాలు పెట్టి 'ఎలా ఉన్నారండీ, పిల్లలు బాగా చదువుతున్నారా' అని అడగడం అతని వృత్తిలో భాగం. జవాబు చెప్పలేనివాడి అవస్థ ఎలా ఉంటుందో అతనికి ఇప్పుడు తెలిసింది.

"నీతో ఒక మాట అనాలని చాలాసార్లు అనుకున్నాను" అన్నారు జడ్జిగారు. "కిందటేడు నా దవడ పన్ను పీకావు. నొప్పి తెలియనే లేదు. పీకావని కూడా తెలియలేదు, నువ్వు చూపించేదాకా. కానీ నేనేమన్నాను? ఇంకో డాక్టరైతే ఇంతసేపు పట్టేది కాదన్నాను. నువ్వు నవ్వి ఊరుకున్నావు."

జేబులో రుమాలు కోసం వెతుక్కుంటున్న చప్పుడు.

"మా ఆవిడ ఆఖరిరోజుల్లో నీ చేత్తో పెడితేనే తినేది. నేను పెడితే తల తిప్పేసుకునేది. నాకు కోపం వచ్చింది. నీ మీద. ఆ కోపం ఎందుకో నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. నిన్ను తక్కువ చేసి మాట్లాడితే అది తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు." ముక్కు చీదిన చప్పుడు. "అమ్మాయి నిన్ను చేసుకుంటానన్నప్పుడు వద్దన్నాను. అది తప్పు తీర్పు. నా ఉద్యోగంలో పై కోర్టు కొట్టేసిన తీర్పులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒక్కటీ ఇంత తప్పు కాదు."

కారు కింద డాక్టరుకి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. బయటికి వచ్చి ఆయన చేతులు పట్టుకోవాలనిపించింది. ఇంకొంచెంసేపు పడుకోవాలని కూడా అనిపించింది. ఇలాంటి మాటలు మళ్ళీ ఎప్పుడు వింటాడో ఏమో. ఆ ఊగిసలాటలో ఉండగా జడ్జిగారు ముందుకు వంగి, ఆ చిల్లులోంచి కనపడుతున్న బొటనవేలిని ఆప్యాయంగా పట్టుకున్నారు.

డాక్టరుకి చిన్నప్పటినుంచీ అరికాళ్ళలో చక్కిలిగింత. కాలు ఎగిరిపడింది. చేతిలో తీగ వెళ్ళి చాసీకి తగిలింది. స్టీరింగు గొట్టంలో ఎక్కడో హారన్ తీగ ముందే ఒరుసుకుని ఉందేమో, కరెంటు అందగానే ఇన్నేళ్ళ మౌనమూ ఒక్కసారి వదిలించుకున్నట్టు హారన్ మోత మొదలైంది. డాక్టరు ఉలిక్కిపడి లేచి కూర్చోబోయాడు. తల చాసీకి ఠంగుమని తగిలింది. నట్లు రెండూ బయటికి ఎగిరాయి. తెల్ల దుప్పటి కింద ఏదో పెద్దగా అరుస్తూ పెనుగులాడుతుంటే జడ్జిగారు వెనక్కి వెనక్కి జరిగి పూలచక్రంలో కూర్చుండిపోయారు.

అన్నం చేతులతో అందరూ పరిగెత్తుకొచ్చారు. మేస్త్రి దుప్పటి కింద సీట్ల వెనక్కి దూరి ఎవరూ అడగకముందే బ్యాటరీ తీగ లాగేశాడు. మోత ఆగింది. డాక్టరు నుదుటి మీద నిమ్మకాయంత బొప్పితో బయటికి పాక్కుంటూ వచ్చాడు. దుప్పటి అతని వెంటే జారిపోయింది. దాని వెనక ఎర్రగా కారు నిలబడి ఉంది.

జడ్జిగారు అల్లుడిని చూశారు. కారును చూశారు. మళ్ళీ అల్లుడిని చూశారు. నోరు తెరిచారు, మూశారు. డాక్టరు ఇన్నాళ్ళూ కలలు గన్న ఘట్టం అచ్చం అలాగే జరిగింది. కాకపోతే అది చూడటానికి అతని కళ్ళముందు చుక్కలు అడ్డం వచ్చాయి.

"బాగున్నారా మామయ్యగారూ" అన్నాడు, ఇంకేమనాలో తెలియక.

జడ్జిగారు కూతురు చెయ్యి అందుకుని లేచి, ప్యాంటుకి అంటుకున్న పూరేకులు దులుపుకున్నారు. ఆయన గొంతు మళ్ళీ మామూలుదైపోయింది.

"ఇందాక నేనన్నవన్నీ చనిపోయిన మనిషిని ఉద్దేశించి. నువ్వు బతికున్నావు గనక అవేవీ చెల్లవు. రికార్డులోంచి కొట్టెయ్యండి."

అలవాటుకొద్దీ గుమాస్తా తల ఊపాడు. ఆయనకి అసలేం అన్నారో తెలియదు.

జడ్జిగారు కారు చుట్టూ నెమ్మదిగా ఒక ప్రదక్షిణ చేశారు. తలుపు మీద చెయ్యి వేసి ముందునుంచి వెనక్కి రాశారు. రెండోసారి రాశారు. సీట్ల వెనక వంగి చూసి, అక్కడ ఆగిపోయారు.

"బ్యాటరీలు తిరగేసి పెట్టావు. ఇప్పటి బండ్లకి మైనస్ బాడీకి, అంటే కింద చాసీకి, కలుపుతారు. దీనికి ప్లస్సు బాడీకి కలపాలి."

బాడీ అన్న మాట వినపడగానే పిన్ని ఉలిక్కిపడి, "మళ్ళీ ఎవరిది?" అంది.

జడ్జిగారు చొక్కా చేతులు మడిచి, మంచి ప్యాంటుతోనే చాప మీద పడుకున్నారు. మామా అల్లుళ్ళు కారుకింద చెరో వైపునా దూరారు. బయట నాలుగు కాళ్ళు మిగిలాయి. లోపల్నుంచి, "పదమూడో నంబరు పానా ఇవ్వు. అది కాదు. నీకు పళ్ళకీ నట్లకీ తేడా తెలుసా?" అన్న గొంతూ, "తెలుసండీ" అన్న గొంతూ వినపడుతూ వచ్చాయి. గుమాస్తా దుప్పటి మడతపెట్టాడు. భార్య చాలాసేపు ఆ నాలుగు కాళ్ళకేసి చూస్తూ నిలబడి, భోజనం చల్లారిపోతోందని చెప్పడానికి నోరు రాక లోపలికి వెళ్ళిపోయింది.

బానెట్టు బిగించేదాకా జడ్జిగారు ఆగలేదు. తాళం తిప్పితే ఇంజను రెండుసార్లు దగ్గి, మూడోసారికి అందుకుంది. హారన్ ఈసారి పిలిచినప్పుడే పలికింది. ఆయనే స్టీరింగు ముందు కూర్చున్నారు. పక్క సీటులో కూతురు ఎక్కుతుందనుకున్నారంతా. ఆయన అల్లుడికేసి గడ్డం ఆడించారు. "ఆగిపోతే తొయ్యడానికి మనిషి కావాలి" అన్నారు.

కారు ఆగలేదు. వీధి చివర మలుపు తిరిగి, ఎవరూ కనపడని చోట ఆయనే ఆపారు. ఇంజను గుడగుడలాడుతోంది. జడ్జిగారు ఎదురుగా రోడ్డు చూస్తూ కూర్చున్నారు. డాక్టరు బొప్పి తడుముకుంటూ కూర్చున్నాడు. పక్క సీటు అంచు మీద, అతని భుజం దగ్గర, జడ్జిగారు వేళ్ళతో ఒకసారి తట్టారు. సీటునో, మనిషినో తెలియనంత మెల్లిగా.

"ఆ పన్ను సంగతి మాత్రం రికార్డులో ఉండనీ" అన్నారు.

"సరేనండీ" అన్నాడు డాక్టరు.

వాళ్ళు సాయంత్రానికి తిరిగొచ్చేసరికి చుట్టాలందరూ గేటు దగ్గర పోగయ్యారు. పొద్దున పోయారని విన్నవాళ్ళూ, మధ్యాహ్నం బతికారని విన్నవాళ్ళూ జడ్జిగారిని కళ్ళారా చూసుకున్నారు. ఆయన కారు దిగి, తలుపు వేసి, పడిందో లేదో ఇంకోసారి నొక్కి చూశారు. పిన్ని ముందుకొచ్చింది.

"ఏం బావగారూ, నాలుగేళ్ళు కష్టపడి చేశాడు. అల్లుడి గురించి ఒక్క మంచి మాట చెప్పకూడదా?"

"ఒకసారి చెప్పి చూశాను" అన్నారు జడ్జిగారు. "లేచి కూర్చున్నాడు."